లౌడన్ కౌంటీ: డేటా సెంటర్లు, ఇంటి పన్ను, హైటెన్షన్ లైన్లు. అసలు కౌంటీ చేతిలో ఏముంది?

బ్రాంబుల్టన్ బాబాయి

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని మన లౌడన్ కౌంటీని నడిపే, మనం ఎన్నుకునే బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్‌కి మనవాళ్లు పంపే ఈమెయిళ్లలో అన్నీ ఒకే కాగితం మీదకి ఎక్కేస్తున్నాయి. డేటా సెంటర్లు ఆపండి, లైన్లు భూమిలో వేయండి, కరెంటు బిల్లు తగ్గించండి, ఇంటి పన్ను తగ్గించండి, బడులకి డబ్బు పెంచండి. ఇందులో సగం కౌంటీ పరిధిలో లేనివి, మిగతా సగంలో ఒకటి ఇంకోదానికి అడ్డం. ఏది ఎవరి చేతిలో ఉందో, ఎక్కడ అడిగితే పని జరుగుతుందో తెలిసినవాళ్లు ఇక్కడ రాయండి. రాజకీయ పార్టీల గోల వేరే చర్చలో పెట్టుకుందాం.

పద్దుల పంతులు

ముందు డిల్లన్ రూల్ సంగతి. వర్జీనియాలో కౌంటీకి తనంతట తనకు అధికారం లేదు. రిచ్‌మండ్‌లో జనరల్ అసెంబ్లీ, అంటే రాష్ట్ర శాసనసభ, చట్టంలో రాసి ఇచ్చిందే ఉంటుంది, అనుమానం వస్తే లేనట్టే లెక్క. అందుకే "కౌంటీ ఒక తీర్మానం చేసి పారేస్తే సరిపోదా" అనే మాట ఇక్కడ నడవదు.

కౌంటీ చేతిలో ఉన్నవి: ఇళ్లూ స్థలాల పన్ను రేటు, డేటా సెంటర్లలో పెట్టే సర్వర్ల మీద పన్ను రేటు, జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చన్న నిబంధనలు), స్కూళ్లకి ఏటా ఎంత ఇవ్వాలన్నది. ఇచ్చాక ఖర్చు పెట్టేది స్కూల్ బోర్డు. దానికి సొంతంగా పన్ను వేసే హక్కు లేదు.

లేనివి: కరెంటు రేట్లు, పెద్ద లైన్లు రెండూ స్టేట్ కార్పొరేషన్ కమిషన్‌వి, అంటే ఎస్‌సీసీవి. జనరేటర్ల పొగకి అనుమతి రాష్ట్ర పర్యావరణ శాఖ డీఈక్యూది. డేటా సెంటర్లకి సేల్స్ ట్యాక్స్ మినహాయింపు అసెంబ్లీది. రోడ్ల నిర్వహణ రాష్ట్ర రవాణా శాఖ వీడాట్‌ది. మంచినీళ్లు లౌడన్ వాటర్ అనే విడి సంస్థవి. ప్రైవేటు రోడ్డు డల్లస్ గ్రీన్‌వే టోల్ కూడా ఎస్‌సీసీయే తేల్చాలి. రద్దీ వేళల్లో టోల్‌ని 8.10 డాలర్లకి పెంచుతామని యాజమాన్యం అడిగితే 2024లో కాదన్నది వాళ్లే, కౌంటీ కాదు.

ఇక పన్ను. ఇళ్ల రేటు 2020లో ప్రతి 100 డాలర్ల విలువకి 1.035 డాలర్లు. 2025కి 0.805కి దిగింది. 2020లో 6 లక్షల విలువ కట్టిన ఇంటికి అప్పటి బిల్లు 6,210. అదే ఇల్లు 2025లో 8 లక్షలైతే బిల్లు 6,440. పాత రేటే ఉండి ఉంటే 8,280 అయ్యేది. ఆ తేడాలో పెద్ద భాగం కట్టింది ఆష్‌బర్న్‌లో కిటికీల్లేని ఆ డేటా సెంటర్ భవనాలు. భవనాలు కూడా కాదు, లోపలి సర్వర్లు.

సౌత్‌రైడింగ్ సుబ్బు

పంతులుగారూ, సర్వర్ల మీద పన్ను ఎలా వేస్తారో కాస్త విడమరిచి చెప్పండి. చాలామంది దాన్ని భవనం మీద పన్నే అనుకుంటున్నారు.

పద్దుల పంతులు

రెండూ ఉన్నాయి. భవనానికీ స్థలానికీ మన ఇంటికి వేసే రేటే. లోపలి కంప్యూటర్ సామానుకి వేరే పన్ను, పర్సనల్ ప్రాపర్టీ (చరాస్తి) కింద, 100కి 4.15 డాలర్లు. జనవరి 1న కౌంటీలో ఉన్న సామానుకి, కొన్న ధర మీద: మొదటి ఏడు ఆ ధరలో 50 శాతాన్ని విలువగా తీసుకుంటారు, తర్వాత 40, 30, 20, అయిదో ఏడు నుంచి 10.

పది లక్షల డాలర్ల సర్వర్లు పెట్టారనుకోండి. మొదటి ఏడు పన్ను 20,750. రెండో ఏడు 16,600, తర్వాత 12,450, 8,300, అయిదో ఏడు 4,150. అయిదేళ్లకి మొత్తం 62,250. కొత్త సామాను దిగినప్పుడే డబ్బు, పాతబడ్డాక చిల్లర. అంటే కౌంటీ ఆదాయం ఎన్ని భవనాలున్నాయన్నదాని మీద కంటే, కంపెనీలు సర్వర్లు ఎంత తొందరగా మారుస్తాయన్నదాని మీద ఆధారపడి ఉంది.

మన ఊరి చెరువు కింద ఆయకట్టు లాంటిది ఇది. నీళ్లున్నంతకాలం అందరూ రెండు పంటలకి అలవాటు పడతారు, తూము మాత్రం మన చేతిలో ఉండదు.

సౌత్‌రైడింగ్ సుబ్బు

అయితే 4.15ని 6 చేసేస్తే? వెళ్లిపోతామంటారా? ఫైబర్ అంతా ఇక్కడే ఉంది కదా, ఎక్కడికి పోతారు!

పద్దుల పంతులు

చట్టం ప్రకారం చేయొచ్చు. పక్కనున్న ప్రిన్స్ విలియమ్ కౌంటీ తన రేటుని 2.15 నుంచి ఒక్కసారే 3.70కి తీసుకెళ్లింది. చాలాకాలం వాళ్లు తక్కువ రేటుతోనే కంపెనీలని పిలిచారు, ఇప్పుడు ఆ తేడా కరిగిపోతోంది. అలాగని అది మనకి పెంచుకునే సందు ఇచ్చిందనుకుంటే తొందరపాటే. ఉన్న భవనం లేచి వెళ్లదు, నిజమే. కానీ అందులో కొత్త సర్వర్లు పెట్టాలా, అవే సర్వర్లు వేరే రాష్ట్రంలోని క్యాంపస్‌లో పెట్టాలా అన్న నిర్ణయం ప్రతి ఏడూ కొత్తగా జరుగుతుంది. పన్ను వచ్చేది ఆ నిర్ణయం నుంచే.

నాకు రేటు కన్నా అంచనా గురించే ఎక్కువ భయం. 2021 మొదట్లో కౌంటీ ఊహించినదానికంటే డేటా సెంటర్ ఆదాయం సుమారు 6 కోట్ల డాలర్లు తక్కువ తేలింది. ఎవరూ మోసం చేయలేదు. కంపెనీలు పన్నుకి విలువ కట్టే అధికారి కమిషనర్ ఆఫ్ ద రెవెన్యూకి ఇచ్చే సామాను వివరాలు చట్టరీత్యా రహస్యం. బడ్జెట్ వేసేవాళ్లకి ఏ కంపెనీ ఎప్పుడు ఎంత మారుస్తుందో కనిపించదు. పెద్ద క్లౌడ్ కంపెనీలు తమ ఖాతాల్లో సర్వర్ ఆయుష్షుని నాలుగేళ్ల నుంచి అయిదారేళ్లకి పొడిగించుకున్నాయి. ఖాతాల్లో రాసుకున్నంతమాత్రాన మన పన్ను మారదు గానీ, మార్పిడి నెమ్మదిస్తే పై లెక్కలో 20,750 రావలసినచోట 4,150 వస్తుంది. ఇప్పుడు ఏఐ హడావుడిలో గాలి అటు తిరిగింది, సామాను వరదలా దిగుతోంది. ఈ వేగంతో వచ్చే డబ్బుని ఏటా జరిగే ఖర్చులకి, అంటే జీతాలకి, అలవాటు చేస్తే తర్వాత ఇంటి రేటే పెంచాలి. ఒక్కసారి చేసే పనులకి వాడితే ఆ ఇబ్బంది ఉండదు. బడ్జెట్ సమయంలో బోర్డుని అడగాల్సింది ఇది. "పన్ను తగ్గించండి" అంటే వాళ్లకి వినీ వినీ చెవులు అలవాటుపడిపోయాయి.

బడి గంట

స్కూళ్ల వైపు నుంచి ఒక మెలిక. రాష్ట్రం స్కూళ్లకిచ్చే డబ్బు లోకల్ కాంపోజిట్ ఇండెక్స్ అనే లెక్కతో వస్తుంది. ఆ ప్రాంతం ఎంత భరించగలదని చూస్తారు: స్థిరాస్తి విలువకి 50 శాతం బరువు, జనం ఆదాయానికి 40, షాపుల అమ్మకాలకి 10. రెండేళ్లకోసారి తిరగ లెక్కేస్తారు. ఇండెక్స్ పెరిగితే రాష్ట్రం వాటా తగ్గుతుంది.

డేటా సెంటర్ భవనాలూ, వాటి కింద ఎకరం ధరలూ పెరిగితే స్థిరాస్తి విలువ పెరుగుతుంది, ఆ మేరకి రాష్ట్రం "మీకు ఉంది కదా" అంటుంది. సర్వర్ల విలువ మాత్రం ఈ లెక్కలోకి రాదు. కాబట్టి ఒక్కో భవనం వచ్చినప్పుడు కౌంటీకి వచ్చే డబ్బులోంచి రాష్ట్రం ఇవ్వడం మానేసిన డబ్బు తీసేసి చూడాలి. అప్పటికీ మిగులే, అందులో అనుమానం లేదు. కానీ ఒక డాలర్ సేవకి 26 డాలర్ల పన్ను వస్తుందని కౌంటీ చెప్పే మాట ఈ కోత తీసేసిన లెక్కేనా అని బడ్జెట్ వర్క్ సెషన్‌లో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మంచిది.

గీతల గోపాలం

జోనింగ్ నేను రాస్తాను.

2025 మార్చి 18 దాకా చాలా జోన్లలో డేటా సెంటర్ "బై-రైట్". అంటే స్థలం ఆ జోన్‌లో ఉంటే సైట్ ప్లాన్ ఇచ్చి కట్టుకోవడమే. సైట్ ప్లాన్ ఆఫీసు స్థాయిలో తేలిపోతుంది. పబ్లిక్ హియరింగ్ లేదు, బోర్డు ఓటు లేదు. నిబంధనలకి సరిపోతే కాదనే హక్కు కౌంటీకి లేదు. "మా ఇంటి వెనక ఇది వస్తుంటే మాకెందుకు చెప్పలేదు" అన్నదానికి జవాబు ఇదే: చెప్పాల్సిన పని చట్టంలో లేదు.

ఆ రోజు బోర్డు బై-రైట్ తీసేసి, ప్రతి కొత్త డేటా సెంటర్‌కీ స్పెషల్ ఎక్సెప్షన్ కావాలంది. దరఖాస్తు, సిబ్బంది పరిశీలన, ప్లానింగ్ కమిషన్ హియరింగ్, తర్వాత బోర్డు హియరింగ్, ఓటు. ఇది మొదటి దశ. ఇళ్లకి ఎంత దూరం, ఎత్తు, శబ్దం లాంటి ప్రమాణాలు రెండో దశ. నా లెక్కలో రెండో దశే ముఖ్యం. మొదటిది అడిగే హక్కు ఇచ్చింది, ఏం అడగాలో ప్రమాణాలు లేకపోతే ప్రతి దరఖాస్తూ విడి బేరమే.

పోలికకి పక్కనున్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ చూడండి. 2024 సెప్టెంబర్‌లో వాళ్లు ఇళ్ల సరిహద్దు నుంచి భవనం 200 అడుగుల దూరం ఉండాలనీ, మెట్రో స్టేషన్‌కి మైలు లోపల రాకూడదనీ రాసుకున్నారు. స్టేషన్ పక్కన స్థలం ఇళ్లకీ ఆఫీసులకీ వాడాలన్నది వాళ్ల ఉద్దేశం. మనకి సిల్వర్ లైన్ మెట్రో 2022 నవంబర్ 15న వచ్చింది, అప్పటికే లౌడన్ గేట్‌వే స్టేషన్ చుట్టుపక్కల డేటా సెంటర్లు ఎలా నిండాయో ప్లాట్‌ఫామ్ మీద నిలబడితే తెలుస్తుంది.

సౌత్‌రైడింగ్ సుబ్బు

అయితే ఇప్పుడు కొత్తవి ఆగిపోయినట్టేనా?

గీతల గోపాలం

లేదు. మూడు రకాలు ఇంకా వస్తాయి. ఒకటి, నిబంధన మారేటప్పటికి ప్రక్రియలో ఉన్న కొన్ని దరఖాస్తులకి బోర్డే వెసులుబాటు ఇచ్చింది. రెండు, వెస్టెడ్ రైట్స్: ప్రభుత్వం నుంచి ఆ ప్రాజెక్టుకే సంబంధించిన గట్టి అనుమతి ఒకటి వచ్చి ఉండాలి, దాన్ని నమ్మి మంచి మనసుతో పని మొదలుపెట్టి ఉండాలి, గణనీయంగా ఖర్చు చేసి ఉండాలి. ఈ మూడూ ఉంటే తర్వాత మారిన జోనింగ్ వాళ్లకి తగలదు. సైట్ ప్లాన్ ఆమోదం అలాంటి అనుమతే. మూడు, పాత రీజోనింగ్‌లో, అంటే స్థలం జోన్ మార్చినప్పుడు, వచ్చిన హక్కులు.

స్పెషల్ ఎక్సెప్షన్ వచ్చినప్పుడు "వద్దు" అని వందమంది చెప్పేకంటే, షరతుల జాబితా ఇచ్చే పదిమంది ఎక్కువ సాధిస్తారు. బోర్డు ఆమోదించాలనే అనుకుంటే ఆ జాబితా షరతులుగా మారుతుంది, ఆ షరతులు యజమాని మారినా స్థలంతోనే ఉంటాయి. అడగదగ్గవి:

సబ్‌స్టేషన్ ఇళ్లకి ఎదురు దిక్కున. జనరేటర్ల యార్డు ఇళ్లవైపు కాకుండా, మధ్యలో భవనమే గోడగా ఉండేలా. జనరేటర్ పరీక్షలు వారం మధ్యలో, పగటిపూట, ఒకేసారి అన్నీ కాకుండా. కట్టేముందు శబ్ద అధ్యయనం, పూర్తి లోడు వచ్చాక మళ్లీ కొలత. రెండోది లేకపోతే మొదటిది కాగితమే. ఇళ్లవైపు ఎత్తు మెట్లు మెట్లుగా తగ్గడం. మట్టి గట్టు, దాని మీద ఏడాదంతా ఆకులుండే చెట్లు.

చెట్ల గురించి ఒక్క మాట: అవి కంటికే అడ్డు, చెవికి కాదు. "బఫర్ పెడుతున్నాం" అంటే శబ్దం తగ్గుతుందని అనుకోకండి.

స్టెర్లింగ్ శ్రీలక్ష్మి

శబ్దం గురించి ఫిర్యాదు చేస్తే కౌంటీవాళ్లు వచ్చి కొలిచి "పరిమితిలోనే ఉంది" అంటున్నారని ఇక్కడ చాలామంది రాశారు. ఇంట్లో మాత్రం గుయ్‌మని మోత. ఇదెలా?

డెసిబెల్ దొర

నిబంధనల్లో సాధారణంగా ఉండేది "ఏ" తూకం డెసిబెల్. అది మనిషి చెవికి దగ్గరగా ఉండేందుకు మంద్ర ధ్వనిని బాగా తగ్గించి లెక్కేస్తుంది. డేటా సెంటర్ పైకప్పు మీద ఫ్యాన్లదీ, చిల్లర్లదీ (నీటిని చల్లబరిచే యంత్రాలది) మంద్ర ధ్వనే. అది గోడల్లోంచి, కిటికీల్లోంచి సులువుగా దిగుతుంది. పైగా రాత్రీ పగలూ ఒకే శ్రుతి. లారీ వెళ్లిపోతుంది, ఇది పోదు. అందుకే మీటరూ నిజమే చెబుతోంది, మీరూ నిజమే చెబుతున్నారు.

చేయాల్సింది: "ఏ", "సి" తూకాలు రెండూ చూపే క్లాస్ 2 లేక అంతకన్నా మంచి మీటరు తీసుకోండి. ఫోన్ యాప్‌లని కౌంటీ లెక్కలోకి తీసుకోదు, మంద్ర ధ్వనికి ఫోన్ మైకు పనికిరాదు కూడా. సరిహద్దు దగ్గర, నేలకి నాలుగైదు అడుగుల ఎత్తున, ఇంటి గోడకి కనీసం పన్నెండు అడుగుల ఎడంగా పెట్టండి, లేకపోతే గోడ నుంచి తిరిగొచ్చిన శబ్దం కలుస్తుంది. మైకుకి స్పాంజి తొడుగు తప్పనిసరి. గాలి ఉన్న రోజు కొలతలు పారేయండి. ఒకే చోట రెండు తూకాలూ రాసుకోండి. "సి" అంకె "ఏ" కంటే 15, 20 డెసిబెళ్లు మించి ఉంటే మంద్ర ధ్వనే అసలు సమస్య. దాంతోపాటు టైమూ, ఉష్ణోగ్రతా రాయండి. ఎండ పెరిగేకొద్దీ పెరిగితే చిల్లర్లు. ఏ వేళైనా, ఒక్కసారిగా మొదలై అరగంటలో ఆగితే జనరేటర్ పరీక్ష. రెండిటికీ మందు వేరు.

ఈ పట్టికతో జోనింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్‌కి రాస్తే, "సి" తూకం పరిమితి లేకపోవడం వల్ల వాళ్లు నోటీసు ఇవ్వలేకపోవచ్చు. కానీ గోపాలంగారు చెప్పిన రెండో దశలో ఆ పరిమితి పెట్టమని అడగడానికి ఇంతకన్నా ఆధారం ఉండదు.

గీతల గోపాలం

దీనికి ఒకటి జోడిస్తా. నిబంధన వచ్చినా కొత్త కట్టడాలకే. ఉన్నవాటికి యజమాని ఒప్పుకుంటేనే. ఫ్యాన్ల వేగం తగ్గించే డ్రైవులు, చుట్టూ ధ్వని తెరలు లాంటివి వాళ్లు తమంతట తాము పెట్టుకున్న చోట్లే మార్పు కనిపిస్తుంది. విస్తరణకి మళ్లీ బోర్డు దగ్గరకి రావలసిన క్యాంపస్ అయితే అప్పుడు పాత భవనం గురించి కూడా బేరం పెట్టొచ్చు.

డెసిబెల్ దొర

జనరేటర్ల పొగ సంగతి కూడా ఇక్కడే రాసేస్తాను. "టియర్ 4 పెట్టించండి" అని అందరూ అడుగుతారు. టియర్ అంటే ఇంజన్ పొగ ప్రమాణం, అంకె పెద్దదైతే నియమం కఠినం. టియర్ 4లో పొగగొట్టంలో ఎస్‌సీఆర్ ఉంటుంది, యూరియా ద్రావణం చల్లి నైట్రోజన్ ఆక్సైడ్లని తగ్గిస్తుంది. అది పనిచేయాలంటే పొగ వేడెక్కాలి. లోడు లేకుండా పదిహేను నిమిషాలు తిప్పే నెలవారీ పరీక్షలో అది సరిగ్గా వేడెక్కదు, టియర్ 2కీ దీనికీ పెద్ద తేడా ఉండదు. గంటలకొద్దీ నడిచే సందర్భాల్లోనే టియర్ 4 లాభం. అందుకని షరతుల్లో టియర్ ఒక్కటే అడిగి ఊరుకోకుండా, పరీక్ష ఎంతసేపు, ఎంత లోడు మీద అన్నది కూడా అడగాలి. గ్రిడ్ కరెంటు చాలక సైట్‌లోనే గ్యాస్ టర్బైన్లు పెట్టుకుంటున్న క్యాంపస్‌లు కూడా మొదలయ్యాయి. అవి అత్యవసరానికి కాదు, రోజూ నడుస్తాయి. ఆ దరఖాస్తు కనిపిస్తే డీఈక్యూ కామెంట్ గడువు వదలకండి.

కిలోవోల్టు

లైన్ల విషయం. 2022 జూలైలో కరెంటు కంపెనీ డొమినియన్ తూర్పు లౌడన్‌లో కొత్త డేటా సెంటర్లకి అనుకున్న టైముకి కరెంటు ఇవ్వలేమని చెప్పింది. కరెంటు తయారీ లేక కాదు, తెచ్చే లైన్లు చాలక. ఆ తర్వాత వచ్చినవే ఆస్పెన్-గోల్డెన్, గోల్డెన్-మార్స్, మార్స్-విషింగ్ స్టార్ 500 కేవీ లైన్లు. ఉంగరంలా ఒకదాన్నొకటి కలుస్తాయి. గోల్డెన్-మార్స్ దారి లౌడన్ వ్యాలీ ఎస్టేట్స్ పక్కనుంచి. మన తెలుగువాళ్లు బాగా ఉన్న కాలనీ కాబట్టే ఈ వేదికలో ఇంత వేడి.

ఇందులో కౌంటీ ఒక కక్షిదారు, జడ్జి కాదు. 138 కేవీ, అంతకు పైన లైన్ ఏదైనా ఎస్‌సీసీ సర్టిఫికెట్ కావాలి. అది వచ్చాక స్థానిక జోనింగ్ అడ్డుపడదు. సూపర్‌వైజర్‌ని తిట్టి ప్రయోజనం లేదు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) చేయాల్సింది ఇది: కేసు నంబరు ప్రకటన రాగానే "నోటీస్ ఆఫ్ పార్టిసిపేషన్" గడువు చూసి, లాయర్‌తో రెస్పాండెంట్‌గా, అంటే కేసులో కక్షిదారుగా, చేరడం. కామెంట్ రాస్తే అది రికార్డులో ఉంటుందంతే. రెస్పాండెంట్ అయితే సాక్షుల్ని పెట్టొచ్చు, డొమినియన్ ఇంజినీరుని క్రాస్ ఎగ్జామిన్ చేయొచ్చు, పత్రాలు అడగొచ్చు. చివర్లో నచ్చకపోతే వర్జీనియా సుప్రీంకోర్టుకి వెళ్లొచ్చు. గడువు దాటితే ఇవన్నీ పోయినట్టే.

భూమిలో వేయమనే విషయంలో కాస్త లోతుగా చూడండి. 230 కేవీ భూగర్భం ఈ రాష్ట్రంలో జరిగింది. 2018 చట్టంలో పైలట్ కింద హేమార్కెట్ దగ్గర కొంత భాగం వేశారు. 500 కేవీ వేరే కథ. అదే సామర్థ్యానికి ఎక్కువ కేబుల్ వరుసలు కావాలి, కేబుల్ తనే కెపాసిటర్‌లా చార్జింగ్ కరెంటు తాగుతుంది కాబట్టి దాన్ని సరిచేసే రియాక్టర్లనే పెద్ద తీగచుట్టలు పెట్టాలి, పైనుంచి కిందకి దిగే రెండు చివర్లా కొన్ని ఎకరాల ట్రాన్సిషన్ స్టేషన్ కావాలి. తెగితే బాగుచేయడానికి వారాలు. ఖర్చు పైన వేసే లైన్‌కి చాలా రెట్లు. అసాధ్యం కాదు, కానీ "ఎందుకు వేయరు" అని అడిగేకంటే "ఈ రెండు మైళ్లకి ఇంత ఖర్చు, దాన్ని వీళ్ల మీద వేయొచ్చు" అని నిపుణుడి సాక్ష్యం పెట్టినవాళ్ల మాటే ఎస్‌సీసీలో నిలబడుతుంది.

బ్రాంబుల్టన్ బాబాయి

కరెంటు బిల్లు పెరగడానికి డేటా సెంటర్లే కారణమా? ఒక్క ముక్కలో చెప్పండి.

కిలోవోల్టు

ఒక్క ముక్కలో కుదరదు, రెండు ముక్కల్లో చెబుతా. మన ప్రాంతపు గ్రిడ్ పీజేఎమ్ వేలంలో కెపాసిటీ ధర, అంటే అవసరమైనప్పుడు కరెంటు ఇచ్చేందుకు సిద్ధంగా ఉన్నందుకు ప్లాంట్లకిచ్చేది, 2024-25కి రోజుకి మెగావాటుకి 28.92 డాలర్లుంటే, 2025-26కి 269.92 అయింది. డొమినియన్ జోన్‌లో అయితే 444.26. ఆ తర్వాతి ఏడు గరిష్ట పరిమితిని తాకి 329.17 దగ్గర ఆగింది. పాత ప్లాంట్లు మూతపడటం, లెక్క కట్టే పద్ధతి మారడం కూడా ఉన్నాయి గానీ, డిమాండు పెరుగుదలలో డేటా సెంటర్లదే పెద్ద పీట.

రెండోది ఖర్చు పంపకం. 2025 నవంబర్‌లో ఎస్‌సీసీ డొమినియన్‌కి జీఎస్-5 అనే కొత్త రేటు తరగతి పెట్టింది. 25 మెగావాట్లు, అంతకు మించిన కస్టమర్లు 14 ఏళ్ల ఒప్పందం చేసుకోవాలి. వాడినా వాడకపోయినా ఒప్పుకున్న డిమాండులో లైన్ల ఖర్చుకి కనీసం 85 శాతం, తయారీకి 60 శాతం కట్టాలి. 2027 నుంచి అమలు. ఎవరో వస్తామని చెప్పి రాకపోతే ఆ లైన్ ఖర్చు మన నెత్తిన పడకుండా ఇది కొంత ఆపుతుంది. మీ బిల్లు మీద నోవెక్ అని ఉంటే ఇది మీ కంపెనీకి వర్తించదు, సహకార సంఘం లెక్క వేరు.

పద్దుల పంతులు

అసెంబ్లీ దగ్గర అడగాల్సింది ఇక్కడే చెప్పేస్తా. సేల్స్ ట్యాక్స్ మినహాయింపు: కనీసం 15 కోట్ల డాలర్ల పెట్టుబడి, సాధారణంగా 50 ఉద్యోగాలు, ఆ ప్రాంతపు సగటుకి ఒకటిన్నర రెట్ల జీతం ఉంటే సర్వర్ల కొనుగోలు మీద ఆ పన్ను లేదు. అసెంబ్లీ తరఫున పథకాలని పరిశీలించే జేలార్క్ 2024 డిసెంబర్ నివేదిక ప్రకారం 2023 ఆర్థిక సంవత్సరంలో దీని విలువ 92.8 కోట్ల డాలర్లు. రెండున్నర లక్షల చదరపు అడుగుల మామూలు డేటా సెంటర్‌లో పూర్తికాల ఉద్యోగులు 50 మందే ఉంటారనీ అదే నివేదిక చెబుతుంది. ఉద్యోగాల పేరు చెప్పి ఎవరైనా సమర్థిస్తే ఈ అంకె చూపించండి. మినహాయింపు 2035 దాకా, పెద్ద పెట్టుబడులకి ఇంకా పొడిగింపు ఉంది. ఇది అసెంబ్లీలో మీ ప్రతినిధులైన డెలిగేట్‌కి, స్టేట్ సెనేటర్‌కి రాయాల్సిన ఉత్తరం. సూపర్‌వైజర్‌కి కాదు.

సౌత్‌రైడింగ్ సుబ్బు

నీళ్లు?

గీతల గోపాలం

జనం భయపడేంత లేదు, కంపెనీలు చెప్పేంత సున్నా కూడా కాదు. జేలార్క్ ప్రకారం ఎక్కువ భవనాలు పెద్ద ఆఫీసు భవనంతో సమానంగానో తక్కువగానో వాడతాయి, కొన్ని మాత్రం చాలా ఎక్కువ. లౌడన్ వాటర్ శుద్ధిచేసిన మురుగునీటిని ఊదా రంగు పైపుల్లో ఆష్‌బర్న్ వైపు ఇస్తోంది. ఆ పైపు వెళ్లని చోట ఆవిరితో చల్లబరిచే పద్ధతి పెడితే తాగునీరే, అదీ ఎండాకాలంలో, మన పచ్చికలకి పెట్టే నెలల్లోనే. గాలితో చల్లబరిస్తే నీళ్లు మిగులుతాయి, కరెంటూ శబ్దమూ పెరుగుతాయి. మూడిట్లో ఏదో ఒకటి ఇచ్చుకోక తప్పదు.

ప్రకటనల పరంధామం

హియరింగ్ నోటీసుల గురించి ఎవరూ రాయలేదు. ప్రిన్స్ విలియమ్‌లో డిజిటల్ గేట్‌వే అని మనాసస్ యుద్ధభూమి పక్కన 2,100 ఎకరాల రీజోనింగ్‌ని 2023 డిసెంబర్‌లో, ఇరవై నాలుగు గంటలు దాటి సాగిన సమావేశంలో ఆమోదించారు. 2025 ఆగస్టులో జడ్జి ఆ రీజోనింగ్‌లు చెల్లవన్నారు. శబ్దం వల్లా కాదు, చరిత్ర వల్లా కాదు. పత్రికలో పబ్లిక్ హియరింగ్ ప్రకటన చట్టం చెప్పినట్టు పడలేదని. కేసు అప్పీలుకి వెళ్లింది.

కాబట్టి పెద్ద దరఖాస్తు వస్తే ముందు ప్రకటన తేదీలు రాసుకోండి, పేజీని ఫోటో తీసి పెట్టుకోండి, ప్రకటన వచ్చిన రోజుకే పత్రాలు చూసేందుకు అందుబాటులో ఉన్నాయా చూడండి. లౌడన్‌లో దరఖాస్తులన్నీ లోలా అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఉంటాయి. బోర్డు నిర్ణయం మీద సర్క్యూట్ కోర్టుకి వెళ్లడానికి 30 రోజులే గడువు. ముప్పై ఒకటో రోజున ఎంత మంచి వాదనైనా వినరు.

మాట్లాడటానికి ఇచ్చేది రెండు మూడు నిమిషాలు. దరఖాస్తు నంబరు, మీరు అడిగే ఒక్క షరతు, దానికి ఒక్క కారణం. ముందు పదిమంది చెప్పిందే పదకొండోసారి చెబితే డయస్ మీద వాళ్లు ఫోన్లు చూసుకుంటారు. పది షరతులు పదిమంది పంచుకోండి.

మధురవాడ మనిషి

విశాఖ నుంచి చదువుతున్నా. గూగుల్ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఇక్కడ పెడతామని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. మీ లెక్క ప్రకారం మా కార్పొరేషన్‌కీ అంత పన్ను రావాలి కదా?

పద్దుల పంతులు

రాదండీ. ఇక్కడి ఆదాయంలో అసలు బలం ఏటా సర్వర్ల మీద వేసే పన్ను. మీ దగ్గర మునిసిపాలిటీ అయినా పంచాయతీ అయినా ఆస్తి పన్ను భవనానికీ స్థలానికే, లోపలి యంత్రాలకి కాదు. అదే పెట్టుబడి లౌడన్‌లో పెట్టినా అక్కడ పెట్టినా స్థానిక సంస్థకి దక్కేది పూర్తిగా వేరు. కాబట్టి లౌడన్ అంకెలు చూపించి "స్థానికంగా ఇంత వస్తుంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి. మీరు అడగాల్సినవి వేరు: సబ్‌స్టేషన్లూ లైన్ల ఖర్చు ఎవరిది, ఒప్పందంలో కనీస చార్జీ ఎంత, నీళ్లు తాగునీటి పథకంలోంచా, శుద్ధి చేసిన మురుగునీరా. శబ్దం, పరీక్షల వేళల గురించి డెసిబెల్ దొరగారు రాసింది మాత్రం ఏ దేశంలోనైనా పనికొస్తుంది.

స్టెర్లింగ్ శ్రీలక్ష్మి

చివరగా ఒకటి. డేటా సెంటర్ పక్కన ఉన్నందుకు ఇంటి విలువ తగ్గించి పన్ను వేయమని అడగొచ్చా?

పద్దుల పంతులు

అడగొచ్చు, కానీ "పక్కన ఉంది" అన్నంతమాత్రాన తగ్గించరు. ఏడాది మొదట్లో అసెస్‌మెంట్ నోటీసు వస్తుంది, విలువ జనవరి 1 నాటిది. మార్చి గడువులోపు కమిషనర్ ఆఫ్ ద రెవెన్యూ ఆఫీసుకి పునఃపరిశీలన దరఖాస్తు పెట్టండి. కుదరకపోతే జూన్ 1 లోపు ఆస్తి విలువల అప్పీళ్లు వినే బోర్డ్ ఆఫ్ ఈక్వలైజేషన్‌కి. రెండుచోట్లా పనికొచ్చేది అమ్మకాల ఆధారమే: మీ కాలనీలోనే, మీ మోడల్ ఇల్లే, ఒకటి లైన్‌కో భవనానికో ఆనుకుని, ఇంకోటి దూరంగా, జనవరి 1కి ముందు అమ్ముడైనవి, తేడాతో సహా. మూడు జతలు దొరికితే వింటారు. అప్పీలు నడుస్తున్నా జూన్ 5, డిసెంబర్ 5 వాయిదాలు ఆపకండి, జరిమానా పడుతుంది. గెలిస్తే ఎక్కువ కట్టింది వెనక్కిస్తారు.